బ్రేకమ్మ

ప్రోగ్రాము మళ్ళీ ఆగింది. తెర మీద ఎర్రగా ఒక్క వరస మెరిసింది: "షరతు 4 నెరవేరలేదు. నిలిపివేయబడింది." అంతే. ఆ పైన ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

వెనక కిర్రుమని బూట్ల చప్పుడైంది. సిటీ బస్సుల ఆఫీసులో ఆ చప్పుడు ఎరగని వాళ్ళు లేరు. ప్లానింగు మేనేజరుగారు మనిషి భారీ, బూట్లు అంతకన్నా భారీ. రోజూ అద్దంలా పాలిష్ పెడతారు. ఎంత పెట్టినా ఆ కిర్రు మాత్రం పోదు. దానివల్ల ఒక లాభముంది. ఆయన వస్తున్నారని ముందే తెలిసి, జనం టీ గ్లాసులు బల్ల కింద పెట్టుకుంటారు.

"ఏమ్మా, ఇవాళైనా కదిలిందా?"

"లేదు సార్. ఆగిపోయింది."

"ఆగిపోయిందా, ఆపావా?"

చుట్టుపక్కల కుర్చీల్లో నవ్వులు లేచాయి. ఆమెకి ఆఫీసులో బ్రేకమ్మ అని పేరు పెట్టింది ఆ కుర్చీలే. బస్సుల ఆఫీసు కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల సెక్షనుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. మొదట్లో ఆమెకి మండేది. తరవాత్తరవాత, బ్రేకు లేని బస్సు ఎక్కుతారా మీరు అని ఎదురు అడగడం నేర్చుకుంది. ఈ నాలుగు వారాలుగా ఆ మాట అడిగే ఓపిక కూడా పోయింది.

పని చెప్పుకుంటే చిన్నదే. ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కుతున్నారో కండక్టర్ల చేతిలోని టికెట్ మిషన్లు రోజూ పంపుతాయి. టికెట్ కొన్నవాళ్ళనీ, పాసు చూపించినవాళ్ళనీ కలిపి లెక్క. ఆ లెక్కలన్నీ కూడి, జనం లేని ట్రిప్పులేవో తేల్చి పట్టిక ఇవ్వాలి. పట్టికని బట్టి కొత్త షెడ్యూలు అచ్చవుతుంది. ఆ పని చేసే ప్రోగ్రాము బ్రేకమ్మే రాసింది. రాస్తూ రాస్తూ మొదట్లోనే కొన్ని షరతులు పెట్టింది. అందులో నాలుగోది ఇది: ఏ ట్రిప్పుకైనా సగానికి సగం రోజులు లెక్కే రాకపోతే, ముందుకి పోవద్దు, అక్కడే ఆగిపో.

నెల రోజులుగా అది అక్కడే ఆగుతోంది. ఆసుపత్రి రూటులో తెల్లవారుజామున బయలుదేరే మొదటి ట్రిప్పుకి ఒక్కరోజు కూడా లెక్క లేదు. గడులన్నీ బోడిగా ఉన్నాయి.

"సున్నాలు వేసెయ్యమ్మా, పోతుంది" అన్నారు మేనేజరుగారు, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి.

"సున్నా వేస్తే ఎవరూ ఎక్కలేదని అర్థం సార్. ఇక్కడ మనకి తెలీదంతే. తెలీనిదాన్ని లేదని ఎలా రాస్తాం?"

"పోనీ ఆ ట్రిప్పొక్కటీ పక్కన పెట్టి మిగతావి చెయ్యి."

"పట్టికలో లేని ట్రిప్పుని షెడ్యూలు వాళ్ళు అచ్చు వెయ్యరు సార్. పక్కన పెట్టడమన్నా రద్దు చెయ్యడమన్నా ఒకటే."

"డిపోని అడగలేకపోయావా?"

"మూడుసార్లు అడిగాను. మిషన్లు బాగానే ఉన్నాయని రాశారు మూడుసార్లూ."

మేనేజరుగారు నిట్టూర్చారు. ఆయన చెడ్డవారు కాదు. పైనుంచి బోర్డు వాళ్ళు ఆయన మెడ మీద కూర్చుని ఉన్నారు. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. రేపు బోర్డుకి నేనేం చూపించను? ఈ ఎర్ర వరస చూపించనా?" అని కిర్రుకిర్రుమంటూ గదిలోకి వెళ్ళిపోయారు.

గదిలోకి వెళ్ళినవారు తొందరని పిలిచారు.

తొందర అనేది పక్క కుర్చీ అతనికి ఆఫీసు పెట్టిన పేరు. కుర్రాడు కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. కాకపోతే మెట్లు రెండేసి దూకుతాడు, టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటాడు, సంతకం పెట్టాక చదువుతాడు. మనసు మంచిది. ఎవరికేం కావాలన్నా ముందు లేచేది అతనే. ఆ మంచితనంతోనే సాయంత్రానికి బ్రేకమ్మ ప్రోగ్రాముకి ఒక నకలు తీసి, నాలుగో షరతు వరస తీసేసి, బోడి గడుల్లో సున్నాలు నింపి, రంగురంగుల బొమ్మలతో నివేదిక తయారు చేశాడు.

"జస్ట్ ఒక్క వరసేనండీ మేడమ్" అన్నాడు ఇంటికి వెళ్ళేప్పుడు, తప్పు చేసినట్టూ చెయ్యనట్టూ నవ్వుతూ. "దానికి మీరు నెలరోజులు కష్టపడ్డారు."

బ్రేకమ్మ బ్యాగు జిప్పు గట్టిగా లాగింది. అది మధ్యలో ఇరుక్కుంది.

*

బోర్డుకి నివేదిక నచ్చింది. నచ్చకేం? ఆకుపచ్చ ట్రిప్పులు, పసుపు ట్రిప్పులు, ఎర్ర ట్రిప్పులు, చూడ్డానికి కంటికి ఇంపుగా ఉంది. ఎర్రవి సోమవారం నుంచి రద్దు అన్నారు. అన్న మర్నాటికే బస్సుల్లో కాయితాలు అంటించారు. కొన్ని పనులకి మాత్రం ఈ ఆఫీసులో ఎక్కడలేని వేగం వస్తుంది.

బుధవారం సాయంత్రం బ్రేకమ్మ బట్టలు మడతపెడుతుంటే అక్క ఫోన్ చేసింది. అక్క పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో ఆయా. గొంతు మామూలుగానే పెద్దది. ఆవేళ ఫోను చెవికి ఆమడ దూరంలో పెట్టుకున్నా వినపడేంత ఉంది.

"ఏమే, మీ ఆఫీసు వాళ్ళకి కళ్ళు దొబ్బాయా?"

"ఏమైందక్కా?"

"పొద్దున్న బస్సులో కాయితం అంటించారు. సోమవారం నుంచి మొదటి ట్రిప్పు ఉండదట. ఎవరూ ఎక్కట్లేదట! రోజూ దాన్లో వేలాడుతూ వెళ్ళే నేను మనిషిని కానా ఏంటే?"

బ్రేకమ్మ చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఆసుపత్రి రూటు. మొదటి ట్రిప్పు. నెల రోజులుగా తెర మీద చూస్తున్న ఆ బోడి గడుల్లో అక్క కూర్చుని ఉందని ఒక్కసారైనా తోచలేదు. అక్క డ్యూటీకి బస్సులో వెళ్తుందని తెలుసు. ఏ బస్సని ఎప్పుడూ అడగలేదు.

"రెండో బస్సుకి వెళ్ళలేవా అక్కా?" అంది. అడుగుతుంటేనే తన మాట తనకే వెగటుగా ఉంది.

"రెండోది దిగేసరికి హాజరు వేసే బొటనవేలి మిషను మూసేస్తారు. కాంట్రాక్టు వాళ్ళకి మూడుసార్లు వేలు పడకపోతే పేరు కొట్టేస్తారు, నీకు తెలీదూ? సోమవారం, మంగళవారం, బుధవారం. గురువారానికి నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి. అంతదూరం నడుద్దామంటే ఈ ఆనెకాయ ఒకటి, చిటికెన వేలు పక్కన, చెప్పు తగిలితేనే ప్రాణం పోతోంది." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "నువ్వు చెప్తే వింటారేమో అడగవే. నువ్వు చేసేది ఆ లెక్కల పనే కదా."

"అడుగుతాను" అంది బ్రేకమ్మ.

ఫోను పెట్టేశాక ఆ చొక్కానే మూడుసార్లు మడతపెట్టింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. తొందర మీదా, మేనేజరు మీదా, బాగానే ఉన్నాయని మూడుసార్లు రాసిన డిపో మీదా సమానంగా పంచింది. ఎంత పంచినా ఇంకా కొంత మిగిలింది.

"ఏమండీ, రేపు తెల్లవారకముందే నన్ను అక్కవాళ్ళ కాలనీ చివరి స్టాపు దగ్గర దింపాలి" అంది భర్తతో.

ఆయన బాల్కనీలో వాషింగ్ మిషను పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. అంతకుముందురోజు ఇల్లు ఊడ్చడానికని దాన్ని జరిపారు. అప్పట్నుంచి మొరాయిస్తోంది. "దింపుతా. దీన్ని కూడా అక్కడే దింపేసి వద్దాం" అన్నాడు.

*

చీకటి ఇంకా విడలేదు. స్టాపులో అప్పటికే జనం ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు గానీ అందరూ ఒకరికొకరు తెలిసిన వాళ్ళలా నిలబడి ఉన్నారు. అక్క నీలం యూనిఫారం చీర మీద స్వెట్టరు వేసుకుని, క్యారియర్ సంచి భుజాన తగిలించుకుని, బరువంతా ఎడమకాలి మీద ఆన్చి నిలబడింది. కుడికాలి చెప్పుకి చిటికెన వేలి దగ్గర బ్లేడుతో కోసి దారి చేసుకుంది.

"నువ్వెందుకొచ్చావే ఈ చలిలో?" అంది చెల్లెల్ని చూసి. సంతోషాన్ని తిట్టులా అనడం అక్కకి అలవాటు.

బస్సు వచ్చింది. అక్క వయసుని పక్కన పెట్టి, ఆనెకాయని పక్కన పెట్టి, ముందు సంచిని కిటికీలోంచి సీటు మీదకి విసిరి, తరవాత తాను ఎక్కింది. చెల్లెలికి ఆ సీటిచ్చి తాను నిలబడబోతే బ్రేకమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. మరో రెండు స్టాపులకి నిలబడే చోటు కూడా కరువైంది. ఆయాలు, హోటల్లో గిన్నెలు తోమే ఆడవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి నిద్రమొహాలతో ఇళ్ళకి పోయే కాపలావాళ్ళు, ఆకుకూరల గంపతో ఒక పెద్దావిడ. గంప డ్రైవరు పక్కన పెట్టడం ఆవిడ హక్కు. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కండక్టరు జనంలోంచి ఈదుకుంటూ వచ్చాడు. మెడలో మిషను వేలాడుతోంది. దాని తెర నల్లగా ఉంది. పాసులున్న వాళ్ళకి తలూపుతున్నాడు. పాసులేని ఒకరిద్దరికి జేబులోంచి పాతకాలపు కాయితం టికెట్లు చింపి ఇస్తున్నాడు.

"మిషను పాడైందా?" అంది బ్రేకమ్మ.

"పాడవలేదమ్మా. నిక్షేపంగా ఉంది. ఛార్జింగే లేదు."

"రాత్రి పెట్టరా?"

అతను పైకడ్డీ పట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా ఆగి చెప్పాడు. "ఛార్జింగ్ పెట్టేది క్యాషియరుగారి గదిలో. రాత్రి చివరి బస్సు డిపోకొచ్చేసరికి ఆయన తాళం వేసుకుని వెళ్ళిపోతాడు. దాంతో చివరి బస్సు మిషను బయటే ఉండిపోతుంది. పొద్దున్న ఆయనొచ్చి గది తెరిచేలోపల మొదటి బస్సు వెళ్ళిపోవాలి. బయట ఉండేది ఆ ఒక్క మిషనే కదా, అదే మెళ్ళో వేసుకుని వస్తా. ఆసుపత్రి క్యాంటీనులో కాసేపు ఛార్జింగ్ పెట్టుకుని తిరుగు ట్రిప్పుకి ఆన్ చేస్తా."

"మరి ఈ ట్రిప్పు లెక్క?"

"కాయితం టికెట్లు క్యాషియరుకి ఇస్తాం. పాసుల వాళ్ళకి లెక్కేముందమ్మా? వాళ్ళు రోజూ ఎక్కేవాళ్ళేగా!"

రోజూ ఎక్కేవాళ్ళు కాబట్టి లెక్క అక్కర్లేదు! బ్రేకమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరినీ పట్టుకుని తిట్టడానికి లేదు. మిషన్లు బాగానే ఉన్నాయని డిపో రాసింది నిజమే. క్యాషియరు తాళం వెయ్యడం న్యాయమే, లోపల డబ్బుంటుంది. కండక్టరు చెప్పినదాంట్లోనూ అబద్ధం లేదు. అందరూ ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేస్తే చివరికి ఒక బస్సు మాయమైపోయింది.

తలుపు పక్కన అంటించిన కాయితం చలిగాలికి ఒక మూల లేచి టపటపమంటోంది. "ప్రయాణికులు లేనందున" అని ఉంది దానిమీద. ఆ మాటని ఆనుకుని ఒకామె నిలబడే నిద్రపోతోంది.

*

"బస్సు కిటకిటలాడుతోంది సార్. నేను స్వయంగా చూశాను" అంది మేనేజరుగారి గదిలో, కూర్చోకుండానే.

ఆయన అంతా విన్నారు. గది తాళం సంగతి విని ఒకసారి నవ్వారు కూడా. తరవాత నవ్వు ఆపి, "ఎన్ని రోజులు చూశావు?" అన్నారు.

"ఇవాళ."

ఆయన లేచి ఆమెని వెంటబెట్టుకుని ఆమె బల్ల దగ్గరికే వచ్చారు. గోడ మీద ఆమె చేత్తోనే రాసి అంటించిన అట్టముక్క ఉంది. చూపుడువేలు దాని మీద పెట్టి పైకి చదివారు. "ఒక్కరోజు చూసింది లెక్క కాదు." వేలు తియ్యలేదు. "ఎవరు రాశారమ్మా ఇది?"

చుట్టుపక్కల కుర్చీలన్నీ ఇటు తిరిగాయి.

"నేనే సార్. అందుకే రద్దు వద్దంటున్నాను. మిషన్లకి ఛార్జింగ్ పెట్టించి ఒక నెల చూద్దాం. అప్పుడు తక్కువ తేలితే..."

"బోర్డు సోమవారం అంది. నేను వెళ్ళి, అయ్యా మా వాళ్ళు ఛార్జింగ్ గదికి తాళం వేసుకుపోయారు, నెల ఆగండి అని చెప్పనా? షెడ్యూలు శనివారం అచ్చుకి పోవాలి. సెక్షను వాళ్ళు నీ అసలు ప్రోగ్రాములోంచి వచ్చిన పట్టికే తీసుకుంటామంటున్నారు, తొందర చేసిన నకలు ఒప్పుకోరట. రేపు సాయంత్రానికి ఆ వరస తీసేసి నడుపు. నీవల్ల కాకపోతే ఎల్లుండి పొద్దున్న ప్రోగ్రాము అతనికి అప్పగించు. నీ చేత్తో చెయ్యకు, సరేనా?"

ఆఖరి మాట ఆయన దయతోనే అన్నారు. ఆ దయకే ఆమెకి ఒళ్ళు మండింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు చెప్పిందంతా కారిపోయింది. అక్క చెప్పు కోసుకున్న సంగతి చెప్పాలనిపించింది. అది చెప్తే, ఓహో మీ అక్కగారి బస్సా అంటారు. అంతటితో అసలు మాట కూడా పోతుంది. నోరు నొక్కుకుని కుర్చీలో కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాల్కనీలో రణరంగం. వాషింగ్ మిషను అరకొర నురగనీళ్ళలో బట్టలు నింపుకుని నిలబడిపోయింది. దాని నుదుటి మీద "ఇ-5" అని మెరుస్తోంది. భర్త దాని చెంప మీద ఒకటి కొట్టాడు. లాభం లేదు. ఆపి మళ్ళీ పెట్టాడు. కాసేపు గుర్రుమని మళ్ళీ ఇ-5.

ఆ రోజంతా మింగిన కోపానికి అది చిక్కింది. "ఇ-5 ఏంటి ఇ-5! ఆగితే ఆగావు, ఎందుకు ఆగావో చెప్పి చావొచ్చుగా!" అని బ్రేకమ్మ మిషను మీద అరిచింది. "ముందే ఏడిస్తే కదా మనుషులు ఏదో ఒకటి చేసేది! ఈ అంకె నేనేం చేసుకోను, నెత్తిన రాసుకోనా?"

భర్త మగ్గు పట్టుకుని ఆమె వంక చూస్తుండిపోయాడు. "నువ్వు తిడుతున్నది మిషన్నేనా?" అన్నాడు మెల్లిగా.

ఆమె ఆగిపోయింది. మిషను వెనక్కి వంగి చూసింది. జరిపినప్పుడు నీళ్ళ గొట్టం గోడకి నొక్కుకుని మడతపడింది. మడత విప్పగానే నీళ్ళు జర్రుమన్నాయి. ఇంత చిన్న సంగతికి రెండు రోజులు! నీళ్ళు రావట్లేదు, వెనక గొట్టం చూడు అని ఒక్క ముక్క అని ఉంటే అప్పుడే చూసేవాళ్ళు. అనలేదు కాబట్టి చెంపదెబ్బలు తింది.

షరతు 4 నెరవేరలేదు. నిలిపివేయబడింది.

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బ్రేకమ్మ బాల్కనీ గుమ్మంలో కూర్చుండిపోయింది. నాలుగో షరతంటే ఏమిటో తనకి తెలుసు. తనకొక్కదానికే తెలుసు. ఆపినందుకు నెల రోజులు మురిసింది, గోడ కట్టి దాని వెనక కూర్చుంది. గోడ కనిపించినవాడు దూకకుండా ఏం చేస్తాడు? ఏమీ లేని గడి వెనక ఏముందో చూడమని ఎవరికీ చెప్పలేదు. తాను లేచి చూడనూ లేదు, అక్క అరిచేదాకా. పంచగా మిగిలిపోయిన కోపం ఎవరిదో అప్పుడు తెలిసింది.

*

శుక్రవారం పొద్దుటినుంచీ ఆమె ఒకే పని చేసింది. షరతుని ముట్టుకోలేదు. అది ఎక్కడుందో అక్కడే ఉంది. దాని కింద తెర మీద కనిపించే మాటని మార్చింది.

మాట అంత సులువుగా కుదరలేదు. మొదటిసారి రాసింది చదువుకుంటే డిపో మీద ఫిర్యాదులా ఉంది. చెరిపేసింది. రెండోసారి రాసింది మేనేజరుకి నీతిబోధలా ఉంది. అదీ చెరిపేసింది. మూడోసారి, రాయడం మానేసి, ఆ వాషింగ్ మిషను తనతో ఏం చెప్పి ఉంటే బాగుండేదో ఆలోచించింది. అప్పుడు కుదిరింది.

సాయంత్రం బూట్లు వచ్చాయి. "అయిందా?"

"మీరే నొక్కండి సార్."

ఆయన అనుమానంగా చూసి, కుర్చీ లాక్కుని, ఒంటివేలితో నొక్కారు. ప్రోగ్రాము కదిలింది. ట్రిప్పులు వరసగా పైకి జరిగాయి. ఆసుపత్రి రూటు దగ్గరికి వచ్చి ఆగింది. మేనేజరుగారి మొహం ఎర్రబడింది. కానీ తెర మీద ఈసారి ఒక్క వరస కాదు, పేరా ఉంది. ఏదైనా చదివేప్పుడు పెదాలు కదపడం ఆయనకి అలవాటు. కదుపుతూ చదివారు.

"ఇక్కడ ఆగాను. ఆసుపత్రి రూటు మొదటి ట్రిప్పుకి ఒక్కరోజు కూడా లెక్క రాలేదు. జనం లేక కాదు, కండక్టరు మిషనుకి ఛార్జింగ్ లేక. రాత్రి చివరి బస్సు వచ్చేసరికి ఛార్జింగ్ గదికి తాళం పడుతుంది. పొద్దున్న తాళం తీసేసరికి మొదటి బస్సు వెళ్ళిపోతుంది. ఆ బస్సులో ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. కాలనీ చివరి స్టాపులో ఎక్కితే తెలుస్తుంది. నేను ఎక్కలేను. మీరు ఎక్కగలరు."

ఆయన అంతా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళారు. రెండోసారి పెదాలు కదల్లేదు.

"ఎవరు రాశారిది?"

"ప్రోగ్రాము సార్."

"ప్రోగ్రాముకి ఇంత నోరెక్కడిదమ్మా?"

"మొన్నటిదాకా లేదు సార్. తప్పు నాది."

ఆయన కాసేపు తన బూట్ల కొసలు చూసుకున్నారు. ఏదో అంటారనుకుంది. లేచి, "రేపు పొద్దున్న వచ్చీ రాగానే తొందరకి అప్పగించు" అని వెళ్ళిపోయారు. కిర్రు, కిర్రు, తలుపు.

బ్రేకమ్మకి ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపుని ఆఫీసులో ఏడవడం ఇష్టంలేక బల్ల సొరుగులు సర్దింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ ఎవరో తొక్కిన అడుసుకి కాలు కడగాల్సింది అక్క. సోమవారం, మంగళవారం, బుధవారం.

తొందర పక్కనుంచి మెడ చాచి తెర మీదిది చదివాడు. చివరిదాకా చదివాడు. అదే ఒక విశేషం.

"మేడమ్, ఇది రేపు నేను తీసెయ్యాలా?" అన్నాడు.

"ఒక్క వరసేగా."

"అప్పుడు ఒక్క వరసేనండీ. ఇప్పుడు..." అతను టీ ఊదుకుంటూ, చల్లారాక తాగాడు.

*

శనివారం పొద్దున్న ఆమె క్యారియర్ మూత బిగిస్తుంటే ఫోను మోగింది. అక్క. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టింది.

"ఏమే, ఇవాళ నా కాలు పచ్చడయిందే!"

"ఏమైందక్కా? పడ్డావా?"

"పడలేదు. పడేంత చోటేదీ? ఎవడో మహానుభావుడు మా స్టాపులోనే ఎక్కాడు, ఇంత లావున. కొత్తమొహం. మలుపు దగ్గర తూలి సరిగ్గా ఆ ఆనెకాయ మీదే అడుగేశాడు. నాకు చుక్కలు కనపడ్డాయి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ తొక్కుడేంటయ్యా అని బస్సంతా వినపడేలా తిట్టాను."

బ్రేకమ్మ చేతిలో మూత సగం బిగిసి ఆగింది.

"కాళ్ళకి ఏం వేసుకున్నాడక్కా?"

"అదేం ప్రశ్నే? బూట్లు. నల్లవి. మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. అడుగేస్తే కిర్రుమంటున్నాయి. ఎందుకు?"

"ఊరికే. కూర్చోడానికి చోటిచ్చారా ఆయనకి?"

"ఎవరిస్తారు? ఆసుపత్రి దాకా నిలబడే వచ్చాడు. ఆకుకూరలావిడ గంప ఒకపక్క పొడుస్తుంటే, నా క్యారియరు ఇంకోపక్క పొడుస్తుంటే, చెమట్లు కక్కుకుంటూ. తిట్టాక నాకే పాపమనిపించింది. సారీ అమ్మా, మీది ఏ కాలు అని రెండుసార్లు అడిగాడు." అక్క ఊపిరి తీసుకుంది. "పిచ్చివాడేమోనే. తలుపు పక్కన అంటించిన ఆ కాయితాన్ని గోటితో గీకి గీకి పీకాడు. జిగురు గట్టిది కదా, సగమే వచ్చింది. ఆ సగం జేబులో పెట్టుకున్నాడు. కండక్టరు కూడా ఏమీ అనలేదు."

"ఇంకేమైనా మాట్లాడాడా?"

"మాట్లాడాడు. పైకడ్డీ పట్టుకుని వేలాడుతూ కండక్టర్ని అడిగాడు, రోజూ ఇంతమంది ఉంటారా అని."

"కండక్టరేమన్నాడు?"

"ఏమంటాడు? ఇవాళ శనివారం కద్సార్, జనం పల్చగా ఉన్నారు అన్నాడు."